బాయిలర్‌లో వేయని పుస్తకాలు

వాడని వస్తువు కంటపడితే నా చేతులు ఊరుకోవు. మా ఇంట్లో పాత చార్జర్లు, మూతల్లేని డబ్బాలు, తెగిన చెప్పులు ఎక్కువ కాలం బతకవు. మా ఆయన తనకు కావలసిన వైర్లను బియ్యం డ్రమ్ము వెనక దాచుకుంటాడు. నేను వెతికి మరీ పారేస్తాను. రాయకోటలో మా పుట్టింటికి వెళ్లినా మొదట చేసే పని అటక ఎక్కడం. మా వదినకు నేనంటే ప్రేమే గానీ, అటక మీద చేయి వేశానంటే ముఖం ముడుచుకుంటుంది.

ఈ గుణమే నాకు ఉద్యోగంలో పనికొచ్చింది. హోసూరులో మా ఆఫీసు చాలా చిన్నది. చుట్టుపక్కల ఫ్యాక్టరీల కంప్యూటర్లలో ఉన్నదంతా రోజూ ఇంకో చోట కాపీ తీసి భద్రంగా ఉంచడం మా పని. బ్యాకప్ అంటారు. కాపీలు తీసి పెట్టమంటే అందరికీ ఇష్టమే. తీసేయమంటేనే భయం. రేపెప్పుడో కావలసి వస్తే ఏం చేయాలని వెనకాడతారు. అలా వెనకాడీ వెనకాడీ ఎక్కడైనా డిస్కులు నిండిపోతే, ఆ ఊడ్చే పని నా నెత్తిన పడేది. నేను సంతోషంగానే బయలుదేరేదాన్ని.

కృష్ణగిరి దాటాక ఉన్న ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ మా పాత ఖాతాదారు. ఎన్నో తరాల క్రితం వచ్చి అక్కడే స్థిరపడ్డ తెలుగు వ్యాపారుల కుటుంబానిది. ఫ్యాక్టరీ ఒక పెద్దావిడ పేరు మీద ఉంది. ఆమె భర్త కట్టించాడు. ఆయన పోయాక కొనడం, అమ్మడం, బ్యాంకు వ్యవహారం అన్నీ కొడుకు చేతికి వచ్చాయి. కొడుకు ఉండేది బెంగళూరు ఆఫీసులో. శుక్రవారం వచ్చి, ఏసీ గదిలో కూర్చుని సంతకాలు పెట్టి, భోజనానికి కూడా ఆగకుండా వెళ్లిపోతాడు. చెడ్డవాడు కాదు. తొందర మనిషి.

ఒక ఏప్రిల్‌లో ఆయన నాకు ఫోన్ చేశాడు. బ్యాకప్ సర్వర్ నిండిపోయింది, రోజూ ఫెయిల్ అయినట్టు మెయిల్ వస్తోంది, ఇంకొద్ది వారాల్లో కాయ దిగుతుంది అన్నాడు. గుజ్జు ఫ్యాక్టరీకి బ్యాకప్ ఎంత అవసరమో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ప్రతి డ్రమ్ము గుజ్జుకూ ఒక రికార్డు ఉంటుంది. ఏ తోట కాయ, ఎంత వేడిలో ఉడికింది, ల్యాబ్ వాళ్లు ఏమన్నారు, అన్నీ అందులో ఉంటాయి. విదేశాల్లో కొన్నవాళ్లు ఎప్పుడడిగినా చూపించాలి. డ్రమ్ము ఆయుష్షు రెండేళ్లు. అన్నాళ్లూ దాని రికార్డు కూడా బతికి ఉండాలి. చూపించలేని వాళ్ల దగ్గర మళ్లీ ఎవరూ కొనరు.

వాడని పాత కాపీలన్నీ తీసేయమన్నాడు. మొదటి లోడు వచ్చేలోపల కాకపోతే ఆ సర్వర్‌నే అక్కడి నుంచి ఎత్తేస్తానని, ఇక అంతా బెంగళూరు నుంచే నడుస్తుందని చెప్పాడు. ఫోన్ పెట్టేసే ముందు, అమ్మతో చర్చ పెట్టుకోవద్దని కూడా చెప్పాడు. ఆ చివరి మాట నాకు అప్పుడు పెద్దగా పట్టలేదు. ఊడ్చమన్నారు, చీపురు నా చేతిలో ఉంది, అంతే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే హోసూరులో బస్సెక్కాను. సూళగిరి దాటేసరికే కిటికీలోంచి వేడి గాలి. ఫ్యాక్టరీలో సీజను ముందటి హడావిడి మొదలైంది. ఆడవాళ్లు కాయలు కడిగే తొట్లను బ్రష్షులతో తోముతున్నారు. కాటా మీద ఒక కుక్క పడుకుని ఉంది. లారీ తూకానికి అక్కడ ఎవరూ వేరే పేరు వాడరు, కాటా అనే అంటారు. ఎక్కడా మామిడి వాసన లేదు, బ్లీచింగ్ వాసనే.

కంప్యూటర్ గదిలో కూర్చుని సాఫ్ట్‌వేర్ తెరిచాను. పూల్ అంటే కాపీలు దాచుకోవడానికి డిస్కులో కేటాయించిన చోటు. ఒక్కో పూల్ ఒక్కో గది అనుకోండి. ఏ గదిలో ఎవరి కాపీ పెట్టాలి, ఎన్నాళ్లుంచాలి అన్న నియమాలు దానికి ఉంటాయి. మామూలుగా ఇంత చిన్న ఫ్యాక్టరీకి ఒకటో రెండో చాలు. ఇక్కడ చూస్తే పేజీ జరిపే కొద్దీ వస్తూనే ఉన్నాయి. ప్రతి సీజనుకూ ఒక కొత్త పూల్. ప్రతి పేరుకూ ముందు శ్రీ. మానిటర్ అంచున ఎండిపోయిన కుంకుమ బొట్లు కూడా ఉన్నాయి.

జబ్బు వెంటనే తెలిసింది. గడువు తీరిన కాపీ తనంతట తాను పోదు. అదే పూల్‌లోకి కొత్త కాపీ వచ్చి చోటడిగినప్పుడే పాతది తప్పుకుంటుంది. వీళ్లు ప్రతి సీజనుకూ కొత్త గది కట్టుకుని అందులోకి పోతుంటే, పాత గదుల్లో చచ్చిన సామాను అలాగే ఉండిపోయింది. ఎప్పుడో తాగేసిన గుజ్జుకు కూడా రికార్డులు, వాటికి డిస్కులో చోటు. నాకు ఒళ్లు మండింది. మా ఆఫీసులో నాకంటే ముందు ఈ పని చూసి మానేసిన అబ్బాయిని మనసులో నాలుగు తిట్టుకున్నాను.

ఎక్కువ కాలంగా ఏమీ రాయని పూల్స్ ఏవో చూపించమని అడిగాను. అన్నీ వచ్చాయి. అందులో మూడు సీజన్ల కిందటి పూల్ ఒకటి ముందు తీసేద్దామని పట్టుకున్నాను. తీసేసే ముందు దాన్ని ఏ కంప్యూటర్ బ్యాకప్ అయినా వాడుతోందా అని చూడటం నాకు అలవాటు. చూస్తే కాటా దగ్గరి కంప్యూటర్ బ్యాకప్ ఇంకా అందులోకే పోతోంది. ఆ కంప్యూటర్‌ను సీజనులో తప్ప ఆన్ చేయరు. మిగతావన్నీ కొత్త పూల్‌కు మార్చిన అబ్బాయి, కాటాను మరిచిపోయాడు. తీసేసి ఉంటే మొదటి లోడు తూకం నుంచీ ఏదీ కాపీ అయ్యేది కాదు. ఆఖరున రాసిన తేదీని నమ్ముకుంటే, ఏప్రిల్‌లో ఆ ఫ్యాక్టరీ మొత్తం వాడని సామానే. కాటాను సరిచేసి, ఇక ఒక్కో పూల్‌నూ విడిగా చూసి గానీ ముట్టుకోకూడదని నిర్ణయించుకున్నాను.

అప్పుడే పెద్దావిడ వచ్చింది. నూలు చీర, రబ్బరు చెప్పులు, నెత్తిన తడి తువ్వాలు. ఎవరూ చెప్పకుండానే నా పక్కన ఉన్న కుర్చీలో కూర్చుంది. అది ఆమె కుర్చీ అని, దాని మీద పరిచిన పాత చీర ముక్క చూస్తేనే తెలిసిపోతోంది. నా పని ఏమిటని అడగలేదు. తెర వైపే చూస్తూ ఉంది.

చర్చ పెట్టుకోవద్దన్నారు కదా అని కాసేపు నోరు మూసుకున్నాను. అది నా వల్ల అయ్యే పని కాదు. ఇన్ని గదులు అనవసరమని, ఒక్కటి ఉంచి కొత్త సీజనూ అందులోకే పంపితే డిస్కు ఎప్పటికీ నిండదని, అరటిపండు ఒలిచినట్టు చెప్పాను. ఆమె అంతా విని తల అడ్డంగా ఊపింది.

"పాత పుస్తకంలో కొత్త కాపు రాసేది లేదు పాపా. ఈ ఇంట్లో ఎప్పుడూ రాసింది లేదు."

ఇది పుస్తకం కాదని మళ్లీ చెప్పాను. తెలుసంది. కొత్త కాపుకు కొత్త పుస్తకం తెరవాలి, దానికి శ్రీ పెట్టి పేరు రాయాలి, మొదటి లోడు కాటా ఎక్కేలోపల ఆ పని అయిపోవాలి అంది. పుస్తకాలు పోయి కంప్యూటర్లు వచ్చినప్పుడు, తనే మా ఆఫీసు అబ్బాయిని కూర్చోబెట్టి ప్రతి కాపుకూ ఒక పూల్ తెరిపించిందట. పేరు తనే ఒక్కో అక్షరం వెతికి కొట్టేదట. నేను ఇంకో దారిలో నచ్చజెప్పబోయాను. ఆమె అదే మాట అంది. మొండిఘటం అనుకున్నాను. నేను కూడా తక్కువేం కాదు. గొంతు పెంచి, అమ్మా, ఇలాగే పోతే మీ అబ్బాయి ఈ సర్వర్‌నే ఎత్తేస్తారు అనేశాను.

ఆమె కోపం తెచ్చుకోలేదు. తువ్వాలు తీసి ఒళ్లో మడత పెట్టుకుంది.

"నాకు తెలుసు. నిన్ను పంపింది దానికే. కాయ కొనేది వాడు. గుజ్జు అమ్మేది వాడు. బ్యాంకుకు పోయేది వాడు. కొత్త కాపుకు పేరు పెట్టేది ఒకటే నాకు మిగిలింది. అది కూడా పెరికేస్తే నేను ఈడికి ఏమిటికి వచ్చేది?"

నాకు పాపం అనిపించింది. అంతకు ముందున్న చిరాకు కూడా పోలేదు. నేను తీసేయమంటున్నది డిస్కులో చోటు. ఆమె వింటున్నది తన కుర్చీ. కొడుకు ఇచ్చిన పాస్‌వర్డ్ నా దగ్గరుంది, పది మీటలు నొక్కితే అయిపోతుంది. కానీ అలా చేసి బస్సెక్కితే నాకు అన్నం సహించదు. డిస్కూ ఖాళీ కావాలి, కుర్చీ కూడా ఉండాలి. ఎలాగో తెలియదు. అది తేలేదాకా ఈ గది వదిలేది లేదని పంతం పట్టాను.

మధ్యాహ్నం ఆమె తన క్యారియర్ విప్పి నాకూ పెట్టింది. సంగటి, మామిడికాయ పప్పు. తింటూ చుట్టూ చూశాను. అది ఒకప్పుడు లెక్కల పుస్తకాల గది. నేల నుంచి కప్పుదాకా చెక్క అరలు. అన్నీ ఖాళీ, నున్నగా తుడిచి ఉన్నాయి. పారేసే బుద్ధి ఉన్నదాన్ని కాబట్టి నాకు అసూయ కలిగింది. ఇన్ని అరలను ఇంత శుభ్రంగా ఎవరు ఖాళీ చేశారు? పాత పుస్తకాలన్నీ ఎక్కడున్నాయమ్మా, ఇంట్లో దాచారా అని అడిగాను.

"ఇంట్లో ఏమిటికి? బాయిలర్‌లో వేసేస్తిమి."

చేతిలో సంగటి ముద్ద అలాగే ఉండిపోయింది. అన్నీనా అన్నాను. అన్నీ అంది. ఆమె అప్పుడు చెప్పిన సంగతి ఇది. కొత్త కాపు మొదటి లోడు గేటు దగ్గరకు రాగానే బాయిలర్ అంటించేవాళ్లట. దానికంటే ముందు ఆమె, భర్త ఇద్దరూ గోడౌన్‌లోకి పోయేవాళ్లు. ఏ పాత కాపు డ్రమ్ములు పూర్తిగా అయిపోయాయో కళ్లారా చూసుకుని, ఆ కాపు పుస్తకాన్ని తెచ్చి బాయిలర్ మంటలో మొదట వేసేవాళ్లు. ఒక్క డ్రమ్ము మిగిలున్నా ఆ పుస్తకం అరలోనే ఉండేది. వేయడం భర్త పని. ఆ తర్వాత కొత్త పుస్తకానికి పసుపు పెట్టి తెరవడం ఆమె పని. అంటే ఆ అరలు ఏటేటా తమంతట తామే ఖాళీ అవుతూ ఉండేవి.

మరి కంప్యూటర్ వచ్చాక పాతవి ఎందుకు వేయలేదు అన్నాను.

ఆమె నన్ను తిక్కదాన్ని చూసినట్టు చూసింది. "కంప్యూటర్‌ను బాయిలర్‌లో వేసేది ఎట్లా పాపా?"

ఇద్దరం నవ్వాం. నేను ముందు ఆపేశాను. నా నోట్లోంచి వచ్చిన మాట నాకు ఇప్పటికీ గుర్తే. అమ్మా, మీ ఆచారం సగమే కంప్యూటర్‌లోకి వచ్చింది అన్నాను. తెరిచేది వచ్చింది, మూసేది రాలేదు. కంప్యూటర్ వచ్చిన కొన్నాళ్లకే ఆయన పోయాడు కదా, ఆయన చేసే సగం ఆయనతోనే ఆగిపోయింది, అందుకే డిస్కు నిండింది అన్నాను. కొత్త పూల్ తెరవొద్దని ఇక అననని, ప్రతి కాపుకూ తెరుచుకోమని, కానీ డ్రమ్ములు అయిపోయిన కాపును మూయాలని, ఆ మూసే పని కూడా ఆమే చేయాలని చెప్పాను.

ఆమె క్యారియర్ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పెట్టి మూత బిగించింది. మళ్లీ తువ్వాలు తడిపి నెత్తిన వేసుకుంది. నేను ఎక్కడో నొప్పించానేమో అనుకున్నాను. ఆయన మాట ఎత్తకుండా ఉండాల్సింది.

"ఆయప్ప పని కూడా నేనే చేసి ఉండాల. నాకు తోచలేదు" అంది. తర్వాత లేచి నిలబడింది. "పద, గోడౌన్ చూసొద్దాం."

గోడౌన్‌లో రేకుల కింద వేడి ఉడికిపోతోంది. డ్రమ్ములు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. నేను లేబుళ్లు చదవడానికి వంగితే అక్కర్లేదంది. ప్రతి కాపు డ్రమ్ముల నడుముకూ ఒక రంగు పెయింటు గీత వేయించడం భర్త పెట్టిన పద్ధతట. నీలం ఒక కాపు, పచ్చ ఒక కాపు, ఎరుపు ఒక కాపు. ఇప్పటికీ పనివాళ్లు అలాగే వేస్తున్నారు. ఆమె వరసల మధ్య నడుస్తూ రంగులు చెప్పింది. నేను వెనకే పోతూ విన్నాను. మేస్త్రీని పిలిచి వెనక వరసలు జరిపించింది. చెమటకు నా చుడీదారు వీపుకు అంటుకుపోయింది. ఆవిడ మాత్రం అమ్మవారి గుడి చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నంత నింపాదిగా నడిచింది.

ఒక మూలన సొట్టపడ్డ డ్రమ్ములు విడిగా పడున్నాయి. ఎవరో కొని వెనక్కి పంపినవి. అమ్మే సరుకు లెక్కలోంచి ఎప్పుడో తీసేశారు. వాటి మీద పచ్చ గీత ఉంది. స్టాకు లెక్క ప్రకారం ఆ కాపు పూర్తిగా అయిపోయింది. కళ్లముందు ఇంకా ఉంది. వెనక్కి వచ్చిన సరుకు గురించి కొన్నవాళ్లు ఏ రోజైనా అడగవచ్చు, దాని రికార్డు పోతే చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. పచ్చ కాపును ఇప్పుడు ముట్టుకోవద్దు అంది. సరే అన్నాను. అది నాకు కూడా సరైన పద్ధతిగానే తోచింది. నేను గదిలో కూర్చుని తేదీలు చూసి ఉంటే ఆ మూల డ్రమ్ములు నాకు ఎన్నటికీ కనబడేవి కావు.

గదికి తిరిగి వచ్చి మొదలుపెట్టాం. నేను ఒక్కో పాత పూల్‌నూ తెరిచి, దాన్ని ఏ బ్యాకప్పూ వాడటం లేదని చూసి, ఆమెకు పేరు చదివి వినిపించేదాన్ని. ఆమె దాని రంగు గుర్తుచేసుకుని, లేవు అనేది. నేను కాపీలను రద్దు చేసి, ఆఖరి మీట దగ్గర మౌస్ ఆమె చేతికి ఇచ్చేదాన్ని. మొదటిసారి నొక్కాక కాసేపు అలాగే చూస్తూ ఉంది. ఏమీ కాలేదు కదా అన్నట్టు నా వైపు తిరిగింది. తర్వాత నేను మౌస్ ఇవ్వక ముందే చేయి చాచడం మొదలుపెట్టింది. ఒక్కో కాపు పేరు వినగానే దాని కథ ఒక ముక్క చెప్పేది. ఈ ఏడు వడగండ్లు పడి కాయ రాలింది. ఈ ఏడు డెంకణికోట నుంచి వచ్చే కూలీలు దారిలో ఏనుగులని ఆలస్యంగా వచ్చేవాళ్లు. కథ అయిపోయాక మీట నొక్కేది. ఒక్క కన్నీటి చుక్క లేదు. నేను ఎదురుచూసినట్టు ఏదీ జరగలేదు.

డిస్కులో చోటు పెరగడం తెర మీద చూపించాను. ఆకుపచ్చ గీత పొడుగవుతుంటే ఆమె ముఖం విప్పారింది. ఇదంతా ఖాళీనా అని అడిగింది. ఖాళీనే అన్నాను. ఖాళీ అర తుడిచినప్పుడు నాకు కలిగే సంతోషం ఆమె ముఖంలో అచ్చంగా కనిపించింది. మా వదిన ఉండి ఉంటే మా ఇద్దరినీ కలిపి తిట్టేది.

సాయంత్రం వెళ్లేముందు కొడుకుకు ఫోన్ చేసి పని అయిందని చెప్పాను. చాలా సంతోషించాడు. అయినా వచ్చే ఏడు నుంచి తుడిచే పని బెంగళూరు ఆఫీసు వాళ్లే చూసుకుంటారని, వాళ్లకు ఒక లాగిన్ ఇచ్చి పొమ్మని అన్నాడు. స్పీకర్‌లో ఉంది. ఆమె విన్నది. ఫోన్ పెట్టేశాక ఒక్క మాటే అడిగింది.

"ఫ్యాక్టరీ నా పేరు మీద ఉండాది. నన్ను అడక్కుండా ఎవురూ తుడిచేదానికి కాకుండా చెయ్యగలవా?"

చేయగలను. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లలో అందుకు ఒక సదుపాయం ఉంది. ఒకరు తీసేయమంటే సరిపోదు, రెండో మనిషి సరేనని ఒప్పుకోవాలి. అది దొంగలనూ పొరపాట్లనూ అడ్డుకోవడానికి పెట్టింది. మామూలుగా ఎవరూ వాడరు, ఇంకొకరిని అడిగే ఓపిక ఎవరికి ఉంటుంది? ఆ రెండో మనిషిగా ఆమె పేరు పెట్టాను. బెంగళూరు లాగిన్ కూడా ఇచ్చాను. కొడుకుకు ఇదంతా మెయిల్ రాశాను, దాచింది ఏమీ లేదు. చదివాడో లేదో తెలియదు. బదులు మాత్రం రాలేదు.

మొదటి లోడు వచ్చిన రోజు నేను వెళ్లలేదు. వెళ్లాల్సిన పని లేదు. హోసూరులో నా కుర్చీలో కూర్చుని చూస్తే, పొద్దున కొత్త పూల్ ఒకటి పుట్టింది. పేరుకు ముందు శ్రీ. కాసేపటికి కాటా బ్యాకప్ అందులోకి పోయింది. ఆ సీజను అంతా ఫెయిల్ అయినట్టు ఒక్క మెయిల్ కూడా రాలేదు.

మరుసటి ఏడు ఏప్రిల్ చివర కొడుకు మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి గొంతులో చిరాకు. బెంగళూరు వాళ్లు ఒక పాత కాపును తీసేయమంటే, అది అమ్మ అనుమతి కోసం ఆగిపోయి ఉందట. ఆమె సరే అనడం లేదట. ఆ కాపు డ్రమ్ములు ఒక్కటీ లేవని స్టాకు చూపిస్తోందని, ఫోన్‌లో చెప్పినా వినడం లేదని, ఆ రెండో మనిషిని తీసేసి తన పేరు పెట్టమని నన్ను అడిగాడు. మార్చాలంటే కూడా అమ్మే ఒప్పుకోవాలి సార్ అన్నాను. ఆమె ఏమంటోంది అని అడిగాను. చూసి రమ్మంటోంది అన్నాడు. మరి చూసి రండి అన్నాను. ఇంత సూటిగా ఖాతాదారుతో మాట్లాడకూడదని మా ఆఫీసులో చెబుతారు. నాకు నోరు ఆగలేదు.

ఆ శుక్రవారం సర్వర్‌కు ఏవో అప్‌డేట్లు వేయాలని నేను కూడా అక్కడే ఉన్నాను. ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో కారు తాళాలు. ఆమె కుర్చీలోంచి లేవలేదు.

ఏ కాపు అని అడిగితే పేరు చెప్పాడు. ఏ రంగు అని అడిగింది. ఆయనకు తెలియలేదు. రంగులున్నాయన్న సంగతే తెలియదు. బయటికి పోయి మేస్త్రీని అడిగినట్టున్నాడు, గోడౌన్ వైపు నడవడం కిటికీలోంచి కనబడింది. ఇప్పుడే వస్తాడనుకున్నాం. రాలేదు. నా అప్‌డేట్లు అయిపోయాయి. ఆమె రెండుసార్లు కిటికీ వైపు చూసింది. భోజనం వేళ దాటింది. క్యారియర్ విప్పలేదు.

వచ్చేసరికి ఆయన చొక్కా చెమటతో తడిసి ఉంది, మోచేతి దగ్గర తుప్పు మరక. నీళ్ల కూజా ఎత్తి గడగడా తాగాడు.

"చూసినావా?" అంది ఆమె.

"చూసినానమ్మా. ఎర్ర గీత ఒకటీ లేదు."

"యాడ యాడ చూసినావు?"

ఇలా అడుగుతుందని ఆయన అనుకోలేదు. కానీ జవాబు చెప్పాడు. ముందు వరసలన్నీ చూశానన్నాడు. వెనక వరసలు జరిపించి చూశానన్నాడు. సొట్టల మూల కూడా చూశాడట. అక్కడ పైన రేకు చినిగి ఉంది, పోయిన వానకు కారిన నీళ్లకు కింద చెక్కలు కుళ్లిపోయాయి, వాటి మీది డ్రమ్ములు ఒరిగి ఉన్నాయి, ఎవరూ తనకు చెప్పలేదు, సోమవారం మనిషిని పంపించి రేకు మార్పిస్తాను అన్నాడు. ఎండ పడే గోడ పక్క వరస ముట్టుకుంటే కాలుతోందని, అక్కడ డ్రమ్ములు పెట్టకూడదని అన్నాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ నా ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. ఆ ఫ్యాక్టరీ గురించి ఆయన అంతసేపు మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. ఆమె ఎక్కడా అడ్డు రాలేదు, నేను చెప్పలేదా అన్న మాట కూడా అనలేదు.

అంతా విని తెర వైపు తిరిగింది. మౌస్ పట్టుకుని సరే అన్న మీట నొక్కింది. ఎర్ర కాపు పోయింది.

ఆ తర్వాత ఆమె చేసిన పని కోసం నేను సిద్ధంగా లేను. కుర్చీలోంచి లేచింది. దాని మీది చీర ముక్కను సరిచేసింది.

"దా, ఈడ కూచో. వచ్చే వారం కాయ దిగుతాది. ఈ కాపుకు పేరు నువ్వు కొట్టు."

ఆయన నా వైపు చూశాడు. నేను ఎక్కడ నొక్కాలో చూపించాను. కూర్చున్నాడు. పేరు మొదలుపెట్టబోయి ఆగి, ముందు శ్రీ కొట్టాడు. ఆమె వెనక నిలబడి ఆయన భుజం మీదుగా అక్షరాలు చదువుకుంది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అంత పంతం పట్టి ఆ కుర్చీని నిలబెట్టింది నేనే కదా, అది ఆమె కోసమే అనుకున్నాను. ఆమె మాత్రం చూసొచ్చే మనిషి ఒకడు దొరికేదాకా కూర్చుని ఉంది.

పేరు కొట్టడం అయ్యాక, మరి తుడిచేదానికి సరే అనే పని కూడా ఇక నాకే మార్చేయండి మేడమ్ అన్నాడు ఆయన. ఈసారి చిరాకు లేదు, బాధ్యత తీసుకున్న గొంతు. నేను నోరు తెరవబోయాను. ఆమె ముందే అందుకుంది.

"అది ఉండనీప్పా. నువ్వు చూసొచ్చి చెప్పేదానికి ఒకరు ఉండాల కదా."

క్యారియర్ విప్పి ముగ్గురికీ పెట్టింది. ఆ శుక్రవారం ఆయన భోజనం చేసి వెళ్లాడు.